చెమర్చని కుండ

ఏ ఏటి సంగతో చెప్పకుండా కథ మొదలుపెట్టే వాళ్ల మాట నేను సగమే నమ్ముతాను. అందుకని ముందు ఆ లెక్క తేల్చేస్తాను. నలభై ఎనిమిదిలో బస్తర్ సంస్థానం దేశంలో కలిసిన నాటికి నాకు పదమూడు నిండాయి. ఇప్పుడు రాయబోయే ఎండాకాలంలో నాకు పదో ఏడు నడుస్తోంది. తీసివేత చేసుకుంటే అది ఏ ఏడో తెలుస్తుంది. అప్పటికి రోహిణి కార్తె ప్రవేశించింది, అది కూడా ఖాయం. తేదీ మాత్రం నాకు తెలియదు. తెలియనిది ఊహించి రాయను.

మాది భోపాల్‌పట్నం. నాయనది ఉప్పు వ్యాపారం. గోదావరి దిగువ నుంచి ఎడ్లబండ్ల మీద గోనెసంచుల్లో ఉప్పు వచ్చేది. అడవి ఊళ్ల వాళ్లు ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు తెచ్చి దించి, ఉప్పు మూట కట్టుకొని పోయేవాళ్లు. ముందు గదిలో దుకాణం, దానికి ఆనుకొని ఉప్పుకొట్టు, వెనక మేం ఉండే ఇల్లు. ఇంట్లో నాయన, నాయన తల్లి అయిన మా బాపమ్మ, అమ్మ, నేను, మూడో నెల నడుస్తున్న తమ్ముడు.

అమ్మకు పురుటి తర్వాత పట్టుకున్న జ్వరం వదల్లేదు. ఒకరోజు తగ్గేది, మర్నాడు మళ్లీ వచ్చేది. పాలు ఎండిపోయాయి. తమ్ముడు బతకాలంటే ఆవుపాలు తప్ప దారి లేదు. నాకూ తమ్ముడికీ నడుమ ఒక చెల్లెలు పుట్టి, ఇలాంటి ఎండల్లోనే, చెడిన పాలు తాగి విరేచనాలు పట్టుకొని పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తకపోయినా, తమ్ముడు ఏడ్చినప్పుడల్లా నాయన తక్కెడ పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. దుకాణం గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని కాబట్టి ఇది నా కళ్లతో చూసిందే.

ఊరి చుట్టూ పశువులు కావలసినన్ని ఉండేవి. కాని అడవి ఊళ్ల వాళ్లు పాలు పిండరు. అవి దూడ పాలు, మనకేం హక్కు అంటారు. పాలు కావాలంటే సొంత ఆవు ఉండాలి. మాకు ఒక్క ఆవు ఉండేది. దాని దూడ పెద్దదైంది, మేత ఎండిపోయింది. పొద్దున ఒక సోలెడు పాలిచ్చేది. సాయంత్రం మందతో తిరిగొచ్చాక పొదుగు పట్టుకుంటే గిద్దెడు వస్తే వచ్చినట్టు, లేకపోతే తన్ను తప్పేది కాదు. అంటే పొద్దున పిండిన పాలే రాత్రి దాకా నిలవాలి. ఇంటి బతుకంతా ఆ సోలెడు పాల చుట్టూ తిరిగేది.

చల్లగా పెట్టడం మా ఇంట్లో బాపమ్మ విద్య. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి మట్టిచట్టిలో పెట్టి, చట్టిని పేడతో అలికిన పచ్చినేల మీద దించేది. దోసకాయలను, స్నానాలు చేసే జాలారి పక్క తడి ఇసుకలో పూడ్చేది. తమలపాకుల కట్టను తడిగుడ్డలో చుట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి విప్పి, కుళ్లిన ఆకు ఏరి పారేసేది. పాలకు మాత్రం ఇవేవీ చాలవు. పెరటి బావి ఆ రోజుల్లో అడుగంటి బురదే మిగిలింది. వీధి బావిలో వేలాడదీయమంటే ఒప్పుకోలేదు, పదిమంది చేదలు తగిలే చోట పసిగుడ్డు పాలు పెడతారా అంది.

అందుకని పడమటి గాలి తగిలే వసారాలో, నీడ పడే మూలన, నది ఇసుక పోసి తడిపి, దాని మీద వెడల్పు మూతి కుండ ఒకటి నిలబెట్టింది. కుండలో సగం దాకా నీళ్లు. కాచి చల్లార్చిన పాలు కళాయి వేసిన ఇత్తడి చెంబులో పోసి, చెంబు మెడ దాకా ఆ నీళ్లలో దించేది. కుండ ఒంటికి నాయన పాత పంచె తడిపి చుట్టేది. పంచె ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరించడం నా పని. పడమటి గాలి ముఖానికి నిప్పులా తగిలేది, అదే గాలి కుండకు తగిలితే కుండ చల్లబడేది. లోపలి నీళ్లు కుండ ఒంటిలోంచి ఊరి, సన్నగా చెమర్చి, గుడ్డలోంచి గాలికి పోయేవి. నేను పంచె కింద చెయ్యి దూర్చి, ఆ చెమటను నుదుటికి రాసుకునేదాన్ని.

అలా ఉన్నన్నాళ్లు పాలు నిలిచాయి. దీపాలు పెట్టాక కూడా నిలిచాయి. తాగించే ముందు బాపమ్మ గరిటెలో కొంచెం పాలు పోసి నిప్పుల మీద పట్టేది. పొంగితే మంచి పాలు, విరిగితే పారబోయాలి. పొంగిన పాలలో వేడినీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో తమ్ముడి నోట్లో పోసేది. వాడు గుటక వేస్తూ కళ్లు పెద్దవి చేసి చూసేవాడు.

ఆ పంచె చినిగిపోయింది. నానీ నానీ పీలికలైంది. అది యుద్ధం నడుస్తున్న కాలం, మామూలు బట్ట కూడా దుకాణంలో అడగ్గానే దొరికేది కాదు. ఏం చుట్టాలా అని బాపమ్మ వెతుకుతుంటే, నాయన ఉప్పుకొట్టులోంచి ఖాళీ గోనెసంచి ఒకటి తెచ్చి దులిపి, నీళ్లలో ముంచి, కుండకు చుట్టాడు.

"గుడ్డైతె మాటిమాటికి తడపాలె. దీన్ని ఒక్కసారి తడిపితె మాపటిదాంక తడి ఆరది, చూడు అవ్వా," అన్నాడు.

నిజమే. సంచి ఆరలేదు. మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూసినా తడే. మా ఇంట్లో అందరికీ అది గొప్పగా అనిపించింది. నా పని కూడా తగ్గింది. బాపమ్మ వీధిలో వాళ్లకు చెప్పింది, "మావోడు పట్టిన ఉపాయం చూసిన్రా," అని.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు దీపాలు పెట్టే వేళకు గరిటెలో పాలు విరిగాయి. ఎండ ముదిరింది కదా అనుకున్నాం. ఆ తర్వాత ఆవులు తిరిగొచ్చే వేళకే విరిగాయి. ఇంకో రోజు పొద్దు నడినెత్తి దాటగానే విరిగాయి. రోజురోజుకూ ముందుకు జరుగుతోంది. గరిటె నిప్పుల మీద పెట్టగానే నేను వంగి చూసేదాన్ని. పాలు అంచుల్లో చిన్నగా కదిలి, నడుమ తెల్లగా తునకలైపోయి, నీరు వేరైపోయేది. బాపమ్మ గరిటె బోర్లించేది. తమ్ముడికి గంజి తేటలో పటికబెల్లం కలిపి పోసేవాళ్లు. వాడు రెండు గుటకలు వేసి, మోసం తెలిసినట్టు తల తిప్పేసేవాడు.

ఇక ఇంట్లో ఎవరూ ఒకచోట కూర్చోలేదు. ఆవు మీద అనుమానం వచ్చింది, అది ఎక్కడో ఇప్పపువ్వు తింటోందని. కట్టేసి మేపితే ఆ సోలెడు పాలు కూడా తగ్గాయి, మళ్లీ వదిలారు. చెంబు కళాయి పోయిందేమోనని ఇంకో చెంబు మార్చారు. కుండను వసారా నుంచి వంటింట్లోకి మోశాం, వంటింట్లోంచి దేవుడి గదిలోకి మోశాం, మళ్లీ వసారాకు తెచ్చాం. మోసినప్పుడల్లా ఇసుక, నీళ్లు, సంచి, అన్నీ. దిష్టి తగిలిందని బాపమ్మ గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు కుండ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు పట్టి అందరం దగ్గాం. తమ్ముడు మరీ దగ్గాడు.

ఇప్పపువ్వు తెచ్చే ఒకామె దుకాణం మెట్టు మీద కూర్చొని ఇదంతా చూస్తూ ఉంది.

"దూడ నోటి కాడిది గుంజుకుంటె ఇరగవా మరి," అంది, బాపమ్మకు వినబడేట్టుగానే.

"నీ ఉప్పు నువ్ తీస్కొని పోవే తల్లీ. మా పాల సంగతి నీకేంది," అంది బాపమ్మ.

"పోత, పోత. ముందు తూకం సక్కగ పెట్టమను నీ కొడుకును," అని ఆమె నవ్వింది. నాయన నవ్వలేదు. ఇంకో చారెడు ఉప్పు ఎక్కువే వేశాడు. మామూలు రోజుల్లో అలా వేసే మనిషి కాదు.

తమ్ముడి తొడల మీద చర్మం వదులైంది. వాణ్ని ఎత్తుకుంటే బరువు తగ్గినట్టు నాకు తెలిసేది. ఎంత తగ్గిందో చెప్పలేను. దుకాణంలో తక్కెడ ఉంది, రాళ్లు ఉన్నాయి, కాని పిల్లవాణ్ని తూచడం అరిష్టమని ఎవరూ ఆ పని చెయ్యలేదు.

అమ్మ మంచం మీద నుంచి అన్నీ వింటూ ఉండేది. లేవబోతే బాపమ్మ గదమాయించేది. అమ్మది నది అవతల సిరోంచ వైపు ఊరు. వాళ్లు తమలపాకు తోటల వాళ్లు. పెళ్లయి మా ఇంటికి వచ్చిన కొత్తలో ఏది ముట్టుకున్నా చెయ్యి జిగటగా ఉండేదని, రాత్రి పెదవులు తడుపుకుంటే ఉప్పగా తగిలేదని తర్వాత ఒకసారి నాతో చెప్పింది. మా ఇంట్లో పుట్టిన వాళ్లకు అది తెలియదు. గోడల అడుగున తెల్లగా పొట్టు లేచేది. తలుపు చట్రాలు, తక్కెడ గొలుసులు, నాయన మడమల పగుళ్లు, అన్నిటి మీదా ఆ తెలుపే. కాలు తుడుచుకునే పట్టా ఉప్పు సంచే, కిటికీకి కట్టిన అడ్డం ఉప్పు సంచే. నేను కూర్చొని అక్షరాలు దిద్దిన చాప కూడా ఉప్పు సంచే.

ఆ రోజు పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. గరిటెలో పాలు అప్పుడే విరిగాయి. అంత తొందరగా విరగడం అదే మొదలు. బాపమ్మ గరిటె బోర్లించి, చెంబులో పాలన్నీ ఆవు కుడితిలో పోసి వచ్చింది. తమ్ముడు నా చంకలో ఏడుస్తున్నాడు. అమ్మ మంచం దిగింది. గోడ పట్టుకొని నడుచుకుంటూ వసారాలోకి వచ్చింది.

"ఎందుకు లేచినవ్? తూలి పడ్తవ్, పో, పండుకో," అంది బాపమ్మ.

అమ్మ ఆగలేదు. కుండ దగ్గర కూలబడి, సంచి పక్కకు లాగి, కుండ ఒంటి మీద అరచెయ్యి ఆనించింది. తియ్యకుండా అలాగే ఉంచింది.

"అత్తమ్మా, ఇది నీళ్ల కుండనా, పొయ్యి మీదికెళ్లి దించిందా?"

"నీ చెయ్యే కాలుతున్నది. జరం నీకు, కుండకు కాదు."

"నా చెయ్యి కాలుతుంటె కుండ ఇంకింత సల్లగ తగలాలె గద?"

అమ్మ నా వైపు చూసింది. "తమ్మున్ని బాపమ్మకియ్యి. ఇటు రా, నువ్ పెట్టు చెయ్యి."

పెట్టాను. సంచి తొలగిన చోట కుండ అప్పుడే పొడిబారింది. చెమట లేదు. సంచి తడి తప్ప కుండకు తడి లేదు. చెయ్యి తీస్తే అరచేతికి పిండిలా తెలుపు అంటింది.

"నాకి చూడు," అంది అమ్మ.

"ఉప్పు," అన్నాను.

"మా ఇంట్ల ఏది నాకినా ఉప్పే ఉంటది, అందులేమున్నది," అంది బాపమ్మ. ఆ మాట అంటూనే తనూ వంగి, వేలితో కుండను గీకి చూసింది. గోరు కింద తెల్లగా పొర లేచింది. గీకిన చోట కుండ అసలు రంగు సన్నటి గీతలా కనబడింది.

అమ్మ గొంతు పెంచి నాయనను పిలిచింది. దుకాణంలో మనుషులు ఉండగా అమ్మ అలా పిలవడం నేనెప్పుడూ వినలేదు. నాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇగో, చూడున్రి. కుండ ఒళ్లంత ఉప్పు పట్టుకున్నది. సంచిల ఉప్పు నీళ్లకు కరిగి కుండకు ఎక్కింది. దానికి చెమట పడితెనే లోపల సల్లగయ్యేది. చెమట రావాలంటె దారి ఏది?"

నాయన ముఖం మారిపోయింది. ఆయన ఉపాయాన్ని కాదన్నందుకు కాదు, ఉప్పును అన్నందుకు.

"ఉప్పు పాలను చెడగొడతదా? ఏం మాట మాట్లాడుతున్నవ్? మామిడికాయను ఏడాది పొడుగు కాస్తది ఉప్పు. పాలను ఒక్క పూట కాయదా?"

"మామిడికాయల కలిపిన్రు. దీన్ని కుండకు పూసిన్రు."

"పాలు ఉప్పగున్నయా? నాకి చూసినవా?"

"పాలకు ఉప్పు తగల్లే. సల్లదనం తగల్లే. నేను జెప్పేది అదే."

"సంచి తడి ఆరలే గద! ఇగో, పిండితె నీళ్లు కార్తయి."

"ఆరలే. ఆరకపోతె సల్లగెట్లయితది? ఇన్నొద్దులు సంచి తడి చూసి కుండ తడి అనుకున్నం."

నాయన కుండలో నీళ్లు ఒంపి, పెరట్లోకి తీసుకుపోయి, బూడిద వేసి తోమాడు. కుండ ఎర్రగా కొత్తదానిలా వచ్చింది. తెచ్చి మా ముందు పెట్టాడు, ఇప్పుడేమంటారు అన్నట్టు. నలుగురం నిలబడి చూశాం. తమ్ముడు ఏడుస్తూనే ఉన్నాడు. ఎండగాలికి కుండ ఆరుతున్న కొద్దీ ముందు మూతి అంచున, తర్వాత పొట్ట మీద, తెలుపు మళ్లీ లేచింది. పైపైన ఉన్నది కాదు, లోపల ఇంకిపోయింది.

"నాకు ఉప్పంటని కుండ కావాలె," అంది అమ్మ. "ఉప్పంటని గుడ్డ కావాలె. ఇసుక సుత కొత్తది కావాలె. సంచి నీళ్లన్ని దాంట్లకే కారినయ్."

అప్పుడు ఇల్లంతా వెతకడం మొదలైంది. ఇంట్లో కుండలకు తక్కువ లేదు. ఒకదాన్లో చింతపండు, ఉప్పు వేసి దాచింది. ఒకదాన్లో ఊరగాయ. ఒకటి ఉప్పు కొలిచే కుండ. ఇంకొకటి ఖాళీగా ఉందని బాపమ్మ సంతోషంగా దించింది. లోపల తడిమితే గరగరలాడింది. మంచినీళ్ల కుండ ఒక్కటే శుభ్రమైనది, కాని దాని మూతిలో చెంబు దూరదు. బాపమ్మ మూత తీసి నాలుగు రకాలుగా చెంబును దూర్చి చూసింది. పక్కకు పెట్టి చూసింది, తలకిందులుగా కూడా పెట్టి చూసింది. దూరదని తెలిసీ వదల్లేదు.

"కుమ్మరింటికి పోయొస్త," అన్నాడు నాయన.

"ఈ ఎండలనా? పొద్దు వాలినంక పోరాదు?" అంది బాపమ్మ.

"కొత్త కుండ నానాలె గద. వాలినంక తెస్తె నానేదెప్పుడు?"

"దుకాణమో?"

"దుకాణం యాడికి పోతది."

ఎండ తగలకుండా నెత్తి మీద కప్పుకోవడానికి నాయన అలవాటుగా మూలనున్న ఖాళీ సంచి అందుకున్నాడు. అమ్మ అటే చూస్తోంది. ఆయన సంచి కింద పడేసి, తువ్వాలు నెత్తికి చుట్టుకొని వెళ్లాడు. అంత కంగారులోనూ బాపమ్మకు నవ్వొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుంది.

కుమ్మరి ఇల్లు ఊరి చివర, నది దారిలో ఉండేది. వెళ్లి రావడానికి పెద్ద దూరమేం కాదు. నాయన రాలేదు. వీధి తెల్లగా మండుతోంది, మనిషి జాడ లేదు. అమ్మ తమ్ముణ్ని భుజాన వేసుకొని వసారా ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తోంది. కాళ్లు తడబడుతున్నాయి. కూర్చోమంటే కూర్చోదు. బాపమ్మ గంజి తేట తెచ్చింది. తమ్ముడు ఉమ్మేశాడు. ఇంకోసారి పోసింది, ఇంకోసారి ఉమ్మేశాడు. నేను గుమ్మానికీ వసారాకూ నడుమ తిరుగుతున్నాను. గుమ్మం దగ్గర వీధి చూడాలి, వసారాలో తమ్ముణ్ని చూడాలి. రెండూ ఒకేసారి చూడలేక ఏదీ సరిగ్గా చూడలేదు.

తర్వాత వాడి ఏడుపు తగ్గింది. ఏడుపు తగ్గితే బాగుండునని పొద్దున్నుంచీ అనుకున్నదాన్నే. తగ్గాక మళ్లీ ఏడిస్తే బాగుండుననిపించింది. వాడు ఏడవడం మానలేదు, నోరు తెరుస్తున్నాడు, గొంతు సరిగ్గా రావడం లేదు. అమ్మ వాడి అరికాలు గిల్లింది. కుయ్యిమన్నాడు. మళ్లీ గిల్లింది.

"ఏడువు బిడ్డా. గట్టిగ ఏడువు," అంటోంది.

బాపమ్మ దేవుడి గదిలోకి పోయి, అంతలోనే బయటకొచ్చి, మళ్లీ పోయింది. లోపల ఏం మొక్కుకుందో నాకు తెలియదు.

నాయన వచ్చేసరికి నీడలు సాగాయి. కుండ భుజాన పెట్టుకొని, చెయ్యి పైకెత్తి పట్టుకొని నడిచి వచ్చాడు. దుకాణదారు బజారులో కుండ మోయడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. ఎదురింటామె తలుపు సందులోంచి చూసింది.

"కుమ్మరాయన అంగడికి పోయిండు. ఇంటామె కాల్చిన కుండలన్ని సిన్న మూతియే అన్నది. కాదమ్మా, చెంబు పట్టేది కావాలని దొంతులన్ని దింపిచ్చిన. అడుగున దొరికింది," అన్నాడు. వేలు మడిచి కుండ మీద కొట్టి చూపించాడు. ఖంగున మోగింది. పిల్లవాడు ఎలా ఉన్నాడని అడగలేదు. చూస్తున్నాడు, అడగలేదు.

కుండలో నీళ్లు పోశాం. కాలిన మట్టి నీళ్లు తాగుతుంటే సన్నటి చప్పుడు వచ్చింది, తొలి వాన వాసన వచ్చింది. నేను గంప తీసుకొని నదికి పోయి, నీటి అంచున తవ్వి ఇసుక తెచ్చాను. గుడ్డ కోసం అమ్మ పెట్టె తెరిపించింది. అడుగున పుట్టింటి వాళ్లు పెట్టిన తెల్ల నూలుచీర ఉంది. మడత విప్పలేదు, ఉప్పుగాలి తగల్లేదు.

"పుట్టింటి చీర చింపుతవా? వద్దే. నాది చింపుదాం," అంది బాపమ్మ.

"నీది ఉతికింది ఈ ఇంట్లనే గద అత్తమ్మా."

బాపమ్మ తన కొంగు చూసుకుంది. అమ్మ చీర అంచు పట్టుకొని చింపబోయింది. చేతుల్లో బలం లేదు, బట్ట చిరగలేదు. బాపమ్మ అందుకొని, పళ్లతో అంచు కొరికి, బర్రున చింపింది.

ఆ సాయంత్రం ఆవు మందతో వచ్చేసరికి నాయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. దూడను కాసేపు కుడవనిచ్చి, లాగి కట్టేసి, తనే కూర్చొని పిండాడు. రెండు తన్నులు తిన్నాడు. గిద్దెడు కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. కాచి, నీళ్లు కలిపి, ఉన్నదంతా తమ్ముడికి పోశాం. నిలవ పెట్టడానికేమీ మిగల్లేదు. వాడు ఉగ్గుగిన్నె ముక్కు వదలకుండా, ఖాళీ అయ్యాక కూడా చప్పరించాడు.

అసలు పరీక్ష మర్నాడు. పొద్దున పాలు కాచి, చల్లార్చి, చెంబు కొత్త కుండలో దించారు. తెల్ల గుడ్డ చుట్టారు. తడపడం మళ్లీ నా పని. గుడ్డ గాలికి గబగబా ఆరిపోతోంది, నేను గబగబా తడుపుతున్నాను. కుండ మీద సన్నగా చెమట పట్టింది. ఆ మాట చెబితే అందరూ వచ్చి చూశారు. ఒకసారి చూసి ఊరుకుంటే బాగుండేది. నాయన బేరం మధ్యలో వదిలి వచ్చి మూత తీసి చూసి పోయేవాడు. బాపమ్మ వచ్చి మూత తీసి, పాలు వాసన చూసి పోయేది. అమ్మ మంచం మీదే ఉంది, ఆ చప్పుడుకు ప్రతిసారీ తల ఎత్తేది.

"మూత తీస్తె లోపలి సల్లదనమంత పోతది! ఒక్కలన్న ఊకోరా?" అని చివరికి అరిచింది. "దుకాణంల ఉప్పు బస్తా మూతి గిన్నిసార్లు ఇప్పుతరా?"

"ఇప్పనులే," అని నాయన ఒప్పుకొని వెళ్లాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. మూత తియ్యలేదు, కుండ చుట్టూ ఒకసారి నడిచి పోయాడు.

పొద్దు నడినెత్తి దాటాక బాపమ్మ గరిటెలో పాలు తీసి నిప్పుల మీద పట్టింది. అందరం పొయ్యి చుట్టూ చేరాం. పాలు అంచుల్లో కదిలాయి. నాకు ఆ కదలిక తెలుసు, విరిగే ముందు కూడా అలాగే కదులుతాయి. నడుమ చిన్న బుడగ లేచింది. తర్వాత పాలన్నీ ఒక్కటిగా ఉబ్బి, పైన మీగడ ముడత పడి, గరిటె అంచు దాకా పొంగాయి. బాపమ్మ చప్పున గరిటె లేపింది. కొంచెం ఒలికి నిప్పుల మీద పడి, కమ్మటి మాడు వాసన వేసింది.

ఆవులు వచ్చే వేళకు మళ్లీ చూశాం. మళ్లీ పొంగాయి.

రెండోసారి తాగాక తమ్ముడు నిద్రపోయాడు. ఎన్నాళ్లుగానో వాడు కడుపునిండా తాగి పడుకోలేదు. ఉయ్యాల కదలడం లేదు, ఇంట్లో చప్పుడు లేదు. అది కొత్తగా ఉంది. బాపమ్మ దీపం వత్తి సరిచేస్తూ మధ్యలో లేచి వెళ్లి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "ఊపిరున్నది," అంది, ఎవరూ అడగకపోయినా. ఆమె వచ్చి కూర్చోగానే నేను వెళ్లి చూశాను. వెచ్చగా తగిలింది. నాయన దుకాణం తలుపులు వేసి లోపలికి వస్తూ, చెప్పులు విడవకుండానే ఉయ్యాల దగ్గరికి పోయి వంగాడు. ఆయన వేలు మొరటుది, పైగా రోజంతా ఉప్పు ముట్టిన వేలు. పెదవికి తగిలింది.

తమ్ముడు ముఖం ముడిచి, కాళ్లు తన్ని, ఇల్లు అదిరేట్టు ఏడుపు లంకించుకున్నాడు. గొంతు పూర్తిగా వచ్చింది.

"లేపిన్రా! లేపిన్రు! ఇంటిల్లిపాది కలిసి నిద్రబోయే పిలగాన్ని లేపిన్రు!" అని అమ్మ మంచం మీద నుంచి తిడుతూనే నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది. నాయన దోషిలా నిలబడి, ఉయ్యాల ఊపాలో పిల్లవాణ్ని ఎత్తుకోవాలో తెలియక చేతులు ఒంటికి తుడుచుకుంటున్నాడు. చెంబులో ఇంకొక ఉగ్గుగిన్నెడు పాలు మిగిలి ఉన్నాయి. బాపమ్మ గరిటె తీసుకొని, నిప్పులు విసరమని నన్ను పొయ్యి దగ్గరికి తరిమింది.